ఉప్పుగాలి పెరటికి ఊరి మొక్కలే చుట్టాలు

సముద్రం దగ్గర ఇల్లు అనగానే చుట్టాలందరూ "అబ్బ, ఎంత అదృష్టవంతులో!" అంటారు. వేసవి సెలవులకు వచ్చి, నాలుగు రోజులుండి, చల్లగాలికి మురిసిపోయి వెళతారు. ఆ గాలి తలుపు గొళ్ళేలను ఎట్లా తినేస్తుందో, డబ్బాలో ఉప్పు ఎట్లా నీరు కారిపోతుందో, ముచ్చటపడి తెచ్చుకున్న గులాబీ అంటు ఆకుల అంచులు మాడి మూడు వారాలకే ఎట్లా తల వేలాడేస్తుందో ఇక్కడ కాపురం చేసే ఆడవాళ్ళకే తెలుసు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మనకున్న పొడుగాటి తీరంలో అట్లాంటి అక్కచెల్లెళ్ళు ఎంతమందో! ఈ కబుర్లు ముఖ్యంగా వాళ్ళ కోసం.

మాది బాపట్ల. ఊరికీ సూర్యలంక తీరానికీ మధ్య 9 కిలోమీటర్లు. ఆ దారిలో మా ఇల్లు. అయిదు సెంట్ల స్థలంలో ఇల్లు పోగా వెనక రెండు సెంట్ల పెరడు మిగిలింది. ఆ రెండు సెంట్లలో కాఫీ గ్లాసు పట్టుకుని ఓ అరగంట కూర్చుంటే చాలు, కాలక్షేపానికి టీవీ అక్కర్లేదు. ఒక జత తేనెపిట్టలు, రెండు పిగిలిపిట్టలు, తోక ఎగరేస్తూ తిరిగే దర్జీపిట్ట, ఉడుతలు, తొండ, గోడ వార నక్కి నక్కి నడిచే జెముడుకాకి కనిపిస్తాయి. సీతాకోకచిలుకల రకాలైతే పిల్లలు లెక్కపెట్టి పెట్టి మానేశారు. వీటి కోసం నేను గింజలు చల్లలేదు, పంజరాలు కట్టలేదు. వాటికి కావలసిన మొక్క ఉంది కాబట్టి వచ్చాయి. అంతే!

ఏ మొక్కలు పెట్టాలో తెలుసుకోవాలంటే ముందు నర్సరీకి వెళ్ళకండి. ముందు సముద్రం ఒడ్డుకు వెళ్ళండి. రండి, మా సూర్యలంక ఒడ్డు నుంచి మా ఇంటి దాకా ఒక్కసారి నడిచి వద్దాం. అసలు పాఠం ఆ దారిలోనే ఉంది.

ఒడ్డు నుంచి ఇంటి దాకా

అలలు తగిలే తడి ఇసుకలో ఏ మొక్కా ఉండదు. పీతలు మాత్రం అడుగుల చప్పుడుకు పరుగెత్తి బొరియల్లో దూరతాయి. కాస్త ఇవతలికి, పొడి ఇసుక మొదలయ్యేచోట, నేల మీద పాకిపోతూ ఒక తీగ కనిపిస్తుంది. ఆకు మేక గిట్టలాగా రెండుగా చీలి ఉంటుంది. పువ్వు ఊదా రంగులో చిన్న గరాటులాగా ఉంటుంది. దీన్ని బాలబంది తీగ అంటారు. దాని పక్కనే సూదుల్లాంటి ఆకులతో ముళ్ళబంతుల్లాంటి గుత్తులు కాచే గడ్డి ఉంటుంది. దాన్ని మా అత్తయ్యగారు రావణాసురుడి మీసం అంటారు. గాలి వీచినప్పుడు ఆ ముళ్ళబంతులు ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంటే పిల్లలు వెంటపడి పట్టుకుంటారు. నిజానికి ఆ మొక్క అట్లా దొర్లుతూనే తన విత్తనాన్ని కొత్తచోటికి చేర్చుకుంటుంది.

ఈ రెండింటినీ ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. గాలికి ఎగిరివచ్చే ఇసుకను ఇవే పట్టి ఆపుతాయి. ఆగిన ఇసుక మీదికి మళ్ళీ పాకుతాయి. అట్లా ఏళ్ళ తరబడి పేరుకున్నవే మనం చూసే ఇసుక దిబ్బలు. సముద్రం పొంగినప్పుడు మొదట ఎదురు నిలిచేవి కూడా ఆ దిబ్బలే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డెక్కి, ఇసుక తవ్వి, ఒక్కొక్కటీ వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్ళిపోయేదీ ఇట్లాంటి మెత్తటి ఇసుకలోనే. మన తీరంలో చాలాచోట్ల అటవీశాఖవాళ్ళు ఆ గుడ్లను జాగ్రత్తగా సేకరించి, కంచె కట్టిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతున్నారు.

ఇంకాస్త ఇవతలికి వస్తే మొగలి పొదలు, జిల్లేడు, నల్లేరు. తర్వాత సరుగుడు తోటలు. సరుగుడు తోటలో నిలబడి ఒక్క నిమిషం చెవి పెట్టి వినండి. గాలి ఈలలు తప్ప పిట్టల సందడి పెద్దగా వినిపించదు. కింద దుప్పటి పరిచినట్టు ఎండు సూదాకులు. వాటి మధ్య గడ్డిపోచ మొలవడమే కష్టం. సరుగుడును తిట్టడం నా ఉద్దేశం కాదు. ఎన్నో కుటుంబాలకు అది అన్నం పెడుతోంది, గాలిని ఆపుతోంది. కానీ అది ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చిన చెట్టు. మన పిట్టలకూ పురుగులకూ దానితో అంత పాత పరిచయం లేదు. సూర్యలంక వచ్చినవాళ్ళు అది చూసి "తీరమంటే సరుగుడు" అనుకుంటారు. తీరం మొక్కలు దానికి ముందూ ఉన్నాయి, వెనకా ఉన్నాయి.

తోట దాటితే తాళ్ళు. ఎండి వేలాడే తాటాకు అడుగున చిన్న చిన్న పిట్టలు ఈకలను తమ ఎంగిలితోనే అంటించి గూడు పెడతాయి. సాయంత్రం వేళ తాటి తలల చుట్టూ గిరగిరా తిరిగేవి అవే. నీటిపక్క తాడి దొరికితే గిజిగాడు గూళ్ళు వేలాడదీస్తాడు. ఆ తర్వాత గంగరావి, పొన్న, కానుగ, వేప, రేగు. అటు తర్వాత మన ఇళ్ళు.

చూశారుగా! సముద్రానికి దగ్గరగా ఉండేది ఒక బంతి, మధ్యలో ఉండేది ఒక బంతి, ఊరి దగ్గరిది ఒక బంతి. పెళ్ళి భోజనాల్లో ఎవరి బంతి వాళ్ళదే అన్నట్టు మొక్కలకూ ఒక వరస ఉంది. మీ ఇల్లు ఏ బంతి పక్కన ఉందో చూసుకుని, ఆ బంతిలో మొక్కను ఎంచుకుంటే సగం కష్టం తీరిపోయినట్టే.

ఊరి మొక్కే ఎందుకు?

"పువ్వుంటే సీతాకోకచిలుక వస్తుంది కదా, ఏ పువ్వయితేనేం?" అని మా ఎదురింటి వదినగారు అడిగారు. మంచి ప్రశ్నే. సీతాకోకచిలుక తేనె తాగడానికి పరాయి పువ్వు మీదైనా వాలుతుంది. కానీ గుడ్డు మాత్రం ఎక్కడపడితే అక్కడ పెట్టదు. గుడ్డులోంచి వచ్చే గొంగళిపురుగు ఏ ఆకు తినగలదో ఆ ఆకు మీదే పెడుతుంది. హోటల్లో భోజనం చేసినంత మాత్రాన అక్కడే పురుడు పోసుకోం కదా! అమ్మాయి పుట్టింటికి వచ్చినట్టు, సీతాకోకచిలుక తన మొక్కను వెతుక్కుంటూ వస్తుంది.

ఇక పిట్టల సంగతి. గింజలు తినే పిచ్చుక అయినా, తేనె తాగే తేనెపిట్ట అయినా పిల్లలను పెంచేటప్పుడు పురుగులే పెడతాయి. మెత్తటి గొంగళిపురుగు పిట్టపిల్లకు మన చంటిపిల్లల ఉగ్గు లాంటిది. ఆకు తినే పురుగు లేకపోతే పిట్టపిల్ల లేదు. అందుకే ఒక్క చిల్లు కూడా పడని ఆకులున్న తోట చూడటానికి అందంగా ఉంటుంది, కానీ ఖాళీ ఇల్లులాగా ఉంటుంది.

ఈమధ్య ఊళ్ళల్లో ఎక్కడ చూసినా కోనోకార్పస్ అనే చెట్టు పెడుతున్నారు. ఉప్పుకు తట్టుకుంటుంది, గబగబా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది. కానీ అది ఆఫ్రికా, అరేబియా తీరాల మొక్క. గుజరాత్‌లో 2023లో దీన్ని నాటవద్దని ఆదేశాలిచ్చారు. ఉప్పుకు తట్టుకునే చెట్టే కావాలంటే మనకు గంగరావి లేదా? పొన్న లేదా? కానుగ లేదా?

ఏ మొక్కకు ఎవరొస్తారు?

సముద్రం వైపు గోడ దగ్గర: ఇక్కడ గాలి నేరుగా కొడుతుంది. గంగరావి కొమ్మ పాతితే చాలు, బతుకుతుంది. పొద్దున్న లేత పసుపుగా విచ్చిన పువ్వు సాయంత్రానికి ఎర్రబారుతుంది. కాయల మీదికి ఎర్రటి నల్లుల్లాంటి పురుగులు గుంపుగా చేరతాయి. చూసి భయపడకండి, అవి ఇంట్లోకి రావు. గింజల రసం కోసం వచ్చినవి. స్థలం ఎక్కువున్నవాళ్ళు పొన్న పెట్టుకోండి. నిదానంగా పెరుగుతుంది గానీ నిగనిగలాడే దళసరి ఆకుతో గోడలాగా నిలబడుతుంది. తెల్లటి పువ్వులకు మంచి వాసన. తేనెటీగలు ముసురుతాయి. పండ్లకు రాత్రిపూట గబ్బిలాలు వస్తాయి. పూర్వం పొన్న నూనెతో దీపాలు పెట్టేవారు.

ఎండ మాడే మూల: తంగేడు వేయండి. ఏడాదిలో చాలా రోజులు బంగారంలా పూస్తుంది. పెద్ద నల్ల తుమ్మెదలు ఝుమ్మంటూ పువ్వును పట్టుకుని దులుపుతుంటే చూడాల్సిందే. లేత పసుపు కలిసిన తెల్ల సీతాకోకచిలుకలు దీని ఆకు మీద గుడ్లు పెడతాయి. రేల చెట్టు ఆకు మీదకూ అట్లాగే వస్తాయి. నీళ్ళు పోయకపోయినా తంగేడు అలగదు.

జిల్లేడు: "ఇంట్లో జిల్లేడా!" అని చాలామంది ఉలిక్కిపడతారు. మా వైపు కూడా అది మంచిది కాదనేవాళ్ళున్నారు, వినాయకుడికి ప్రీతి అని పెంచేవాళ్ళూ ఉన్నారు. నేను పెరటి చివర ఒక్కటి ఉంచాను. నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు, తెల్ల చుక్కలు ఉండే సీతాకోకచిలుక మీరు చూసే ఉంటారు. దాని పురుగు తినేది ఈ ఆకునే. నలుపు, తెలుపు, పసుపు చారలతో గాజులు తొడుక్కున్నట్టుంటుంది. జిల్లేడు పాలలోని విషం ఆ పురుగు ఒంట్లో చేరుతుంది కాబట్టి ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ దాని జోలికి పోదు. ఆ పాలు మన కంట్లో పడితే ప్రమాదం. పసిపిల్లలున్న ఇంట్లో దీన్ని పెట్టకండి. గోడ అవతల ఉన్నది నరకకుండా వదిలేసినా చాలు.

వంటింటి గుమ్మం దగ్గర: కరివేపాకు, నిమ్మ. ఇవి అందరిళ్ళలోనూ ఉండేవే. నల్లరెక్కల మీద తెల్ల మచ్చల వరస ఉన్న పెద్ద సీతాకోకచిలుక, పసుపు నలుపు గళ్ళచీర కట్టుకున్నట్టుండే ఇంకొకటి, ఈ రెండూ వీటి మీదే గుడ్లు పెడతాయి. పురుగు చిన్నగా ఉన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలాగా ఉంటుంది. అదే దాని దొంగవేషం! పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. మారేడు ఉంటే దాని మీదా కనిపిస్తాయి. కరివేపాకు పండ్లు నల్లబడగానే పిగిలిపిట్టలు, కోకిలలు దిగుతాయి. అవి వేసిన గింజలతో మొలిచిన పిలకలు నేను వీధిలో సగం మందికి పంచాను.

కంచె వెంట: వావిలి, అడ్డసరం, ముళ్ళగోరింట. ఈ మూడూ కొమ్మలతో వస్తాయి. మేకలు వావిలినీ అడ్డసరాన్నీ పెద్దగా ముట్టవు. వావిలాకు వేసి కాచిన నీళ్ళు బాలింతల స్నానానికి వాడటం మనకు తెలిసిందే. దాని సన్నటి నీలం పువ్వులకు తేనెటీగలు వస్తాయి. అడ్డసరం, ముళ్ళగోరింట పువ్వులకు తేనెపిట్టలు వస్తాయి. పొద ఒత్తుగా ఉంటే లోపల దర్జీపిట్ట ఆకులు కలిపి కుట్టుకుని గూడు పెడుతుంది. తేనెపిట్ట మాత్రం మన గుమ్మం దగ్గర వేలాడే తీగనైనా వదలదు. సాలెగూళ్ళు, ఎండుపీచు, పాతగుడ్డ పీలికలు తెచ్చి సంచీలాగా అల్లుతుంది.

గోడ మీదికి: కాకిదొండ పాకనివ్వండి. ఎర్రగా పండిన దొండపండు పిగిలిపిట్టకు పాయసం. నల్లేరు కాడ ఒకటి తెచ్చి ఇసుకలో గుచ్చితే అదే అల్లుకుంటుంది. లేత నల్లేరు కణుపులు తీసేసి, ఈనెలు ఒలిచి, ముక్కలు చేసి, నూనెలో బాగా మగ్గించి, వేయించిన మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండుతో నూరితే పచ్చడి అద్భుతంగా ఉంటుంది. తరిగేముందు చేతులకు నూనె రాసుకోవడం మరిచిపోకండి, లేకపోతే దురద! పచ్చిదనం పోయేదాకా మగ్గకపోతే నాలుక కూడా దురదపెడుతుంది.

నేరేడు, మర్రి, రావి లాంటి పెద్ద చెట్లు రెండు సెంట్లలో వద్దు. నేరేడుకు కనీసం నాలుగైదు సెంట్ల ఖాళీ ఉండాలి. మర్రి, రావి వేళ్ళు గోడలనూ నూతినీ పగలగొడతాయి. అవి గుడికీ చెరువుగట్టుకీ శోభ.

దొరువు చెప్పే మాట

ఇసుక నేలల సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక విషయం చెప్పాలి. తీరం పక్కన ఇసుకలో నాలుగైదు అడుగులు తవ్వితే మంచినీళ్ళు పడతాయి. ఇంకా లోతుకు పోతే ఉప్పునీళ్ళు! వాననీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, పాల మీద మీగడ కట్టినట్టు. ఆ మీగడను మాత్రమే తీసుకోవడానికి మా పెద్దలు ఏటవాలుగా, లోతు తక్కువగా గుంటలు తవ్వేవారు. వాటినే దొరువులు అంటారు. కడవలతో నీళ్ళు ముంచి కూరగాయ మళ్ళు తడుపుకునేవారు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రంవారు ఇదే పద్ధతికి మెరుగులు దిద్ది, లోతుకు పోకుండా అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, ఆ నీటిని మధ్యలో ఒక బావిలోకి చేర్చే విధానం తయారుచేశారు.

ఇది మొక్కల వ్యాసంలో ఎందుకంటారా? మీగడ కట్టాలంటే వాన నేలలో ఇంకాలి. ఇంటి చుట్టూ సిమెంటు చేసేస్తే వచ్చిన వాన వచ్చినట్టే కాలువలోకి పోతుంది. పైగా లోతు బోరు వేసి మోటారుతో లాగేస్తే కిందనున్న ఉప్పునీరు పైకి తన్నుకొస్తుంది. మా వీధిలో పెరళ్ళన్నీ ఒక్కొక్కటిగా టైల్సు అయిపోయాయి. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది. ఆకులూడ్చే బాధ తప్పుతుంది, బండి పెట్టుకోవచ్చు అని మావారి వాదన. ఆయన మాటలో తప్పేం లేదు. మేస్త్రి కొలతలు కూడా వేసుకుని వెళ్ళాడు. చివరికి ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. బండి నిలిపేంత మేర ముందు వైపు రాళ్ళు పరిచి, సందుల్లో ఇసుక వదిలాం. వెనక పెరడు మట్టిగానే ఉంది. ఆకులూడ్చే పని నాది. మా ఒక్క పెరడు వల్ల వీధి నుయ్యి తియ్యబడుతుందని నేను చెప్పను. కానీ నలభై ఇళ్ళు టైల్సు వేస్తే ఏమవుతుందో నలభై ఇళ్ళూ ఆలోచించాల్సిందే.

నీళ్ళకు పెద్ద ఖర్చేం లేదు. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు కరివేపాకుకు, నిమ్మకు. మిగతావాటికి మొదటి రెండు వేసవులు తడిపితే చాలు, తర్వాత అవే బతుకుతాయి. పిట్టలకు ఒక మట్టి మూకుడులో నీళ్ళు పెట్టండి. రోజూ మార్చండి. నిలవ నీట్లో వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి. మూకుడులో ఒక రాయి వేస్తే తేనెటీగలు కూడా మునగకుండా తాగుతాయి.

పాములు రావా?

ఇది అందరూ అడిగేదే, అడగాల్సిందే. పాము మొక్క కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది, కప్ప కోసం వస్తుంది. ఎలుక ఎంగిలి మెతుకుల కోసం, కట్టెల మోపుల కోసం వస్తుంది. అందుకని గుమ్మం చుట్టూ నాలుగడుగుల మేర ఏమీ పెంచకుండా శుభ్రంగా ఊడ్చి ఉంచండి. కట్టెలు, పాత ఇటుకలు గోడవార పోగు పెట్టకండి. రాత్రిపూట టార్చి లేకుండా, చెప్పుల్లేకుండా పెరట్లోకి వెళ్ళకండి. మొగలి పొద ముళ్ళది, పెద్దగా పాకుతుంది. ఇంటిని ఆనుకుని వద్దు. జెర్రిపోతులో విషం లేదు, ఎలుకలను తినిపెడుతుంది. రక్తపింజరి మాత్రం ప్రాణాంతకం. ఎవరినైనా పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రాలు వద్దు. కదలనివ్వకుండా తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

రెండోది, పురుగులు. కరివేపాకు చెట్టు మీద నాలుగు పురుగులుంటే మందు కొట్టకండి. రెండు రెమ్మలు పోతే పోనీయండి. నెల తిరక్కుండా అవి రెక్కలు కట్టుకుని ఎగిరిపోతాయి, చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. మొక్క మరీ చిన్నదైతే పురుగును ఆకుతో సహా తీసి పెద్ద చెట్టు మీద పెట్టండి. కానుగ ఆకుల మీద చిన్న చిన్న బుడిపెలు వచ్చినా కంగారుపడకండి, దానికి అది మామూలే.

మూడోది, దీపాలు. తీరానికి బాగా దగ్గరగా ఉన్నవాళ్ళు సముద్రం వైపు పెద్ద దీపాలు రాత్రంతా వెలిగించకండి. గుడ్డు పగిలి బయటికి వచ్చిన తాబేలు పిల్ల వెలుతురున్న వైపే సముద్రమనుకుని పాకుతుంది. మన వీధి దీపం చూసి ఇటు వస్తే దాని బతుకు అక్కడితో సరి.

తుపాను పెట్టిన పరీక్ష

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సంగతులు చూసినవాళ్ళ నోట విని పెరిగినవాళ్ళం కాబట్టి ఆ రోజంతా తలుపులు బిగించుకుని కూర్చున్నాం. తెల్లవారి పెరట్లోకి వెళితే బొప్పాయి నడుముకు విరిగింది, మునగ సగం కూలింది. కుండీల్లోని క్రోటన్లు ఉప్పుజల్లుకు వారంలో మాడిపోయాయి. గంగరావి ఆకంతా రాల్చేసి బోడిగా నిలబడింది. పనైపోయిందనుకున్నాం. సంక్రాంతి ముగ్గుల నాటికి చిగుళ్ళు తొడిగింది. పొన్న కదల్లేదు. వావిలి నేలకు వాలి మళ్ళీ లేచింది. తేనెపిట్టలు పది రోజులు కనిపించలేదు. అడ్డసరం పూయగానే వచ్చాయి.

ఇట్లా నిలిచేవాటికి కూడా మనం చేయాల్సిన పని ఒకటుంది. అక్టోబరుకు ముందే బరువైన కొమ్మలు, ఇంటి మీదికి, కరెంటు తీగల మీదికి వాలినవి కొట్టించాలి. ముందు గూళ్ళున్నాయేమో చూసుకుని మరీ కొట్టించాలి.

దిబ్బ ఉండగానే

మా వీధి వెనక ఒక ఇసుక దిబ్బ ఉండేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో సాయంత్రాలు అత్తయ్యగారితో కలిసి అటు వెళ్ళేదాన్ని. ఏ ఆకు దేనికో, ఏ తీగ పేరేమిటో ఆవిడ చెబుతూ ఉండేవారు. నేను ఇంటర్మీడియెట్‌లో చదువుకున్న వృక్షశాస్త్రంలో లేని పేర్లు అవి. మూడేళ్ళ కిందట ఆ దిబ్బను ప్లాట్లు వేయడానికి చదును చేశారు. పొక్లెయిను వస్తోందని తెలిసి, ముందు రోజు సాయంత్రం అత్తాకోడళ్ళం ఇద్దరం గోనెసంచీ పట్టుకుని వెళ్ళాం. నల్లేరు కాడలు, బాలబంది తీగ ముక్కలు, తంగేడు కాయలు తెచ్చుకున్నాం. బాలబంది మా పెరట్లో బాగానే పాకింది. మిగతావి మీకు చెప్పినవే. ఆ దిబ్బ మీద ఇప్పుడు కొలత రాళ్ళున్నాయి. ఆ మొక్కలు మా వీధిలో ఇంకెక్కడా లేవు, మా గోడ లోపల తప్ప.

ఒడ్డున నిలిచి ఉన్న దిబ్బల మీది మొక్కలను మాత్రం పీకి తెచ్చుకోకండి. అవి అక్కడ కాపలా ఉద్యోగంలో ఉన్నాయి. రాలిన విత్తనం ఏరుకోండి, ఒక్క కొమ్మ తుంచుకోండి, చాలు. చదును కాబోయే చోటైతే స్థలం వాళ్ళను అడిగి తెచ్చుకోండి. ఎవరూ కాదనరు, వాళ్ళ దృష్టిలో అది పిచ్చికంపే.

కొత్తగా మొదలుపెట్టేవారికి

• మీ ఇంటికి అర కిలోమీటరు చుట్టూ తిరిగి, ఎవరూ నాటకుండా వాటంతట అవే బతుకుతున్న మొక్కలు పది రాసుకోండి. పేర్లు పెద్దవాళ్ళను అడగండి.

• ఆ పదిలో మూడు ఎంచుకోండి. ఒకటి పువ్వుకు, ఒకటి పండుకు, ఒకటి ఆకుకు. ఆకుకు అంటే పురుగులు తినడానికి!

• జూన్, జులై వానలు పడగానే నాటండి. ఇసుక నేలలో గుంతకు ఒక తట్ట చివికిన పశువుల ఎరువు, కాస్త చెరువుమట్టి కలపండి. మొదటి ఏడాది సముద్రం వైపు తాటాకు దడి కట్టండి.

• రాలిన ఆకులు తగలబెట్టకండి. మొక్క మొదట్లోకి నెట్టండి. ఇసుక చల్లగా ఉంటుంది, తొండలకూ కప్పలకూ మేత దొరుకుతుంది.

• పురుగుమందు సీసా పెరట్లోకి రానివ్వకండి.

• ఓపిక పట్టండి. మొదటి ఏడాది ఉడుతలు, రెండో ఏడాది సీతాకోకచిలుకలు. మా ఇంట్లో తేనెపిట్ట గూడు పెట్టడానికి మూడేళ్ళు పట్టింది.

మీ అత్తగారో, అమ్మగారో, పాలు పోసే పెద్దావిడో ఆ పది మొక్కల పేర్లు చెప్పగలిగితే ఈ ఆదివారమే కూర్చోబెట్టి రాయించుకోండి. ఒక కాగితం, ఒక పెన్ను చాలు. విత్తనం కంటే ముందు పోయేది పేరే. పేరు తెలియని మొక్క ఎవరికైనా పిచ్చిమొక్కే కదా!